గో-కార్ట్ ట్రాక్‌లో కాలు విరిగింది, ఫారం మీద సంతకం పెట్టాం. ఇక కేసు లేనట్టేనా?

ముందుగా మీ ప్రశ్న క్లుప్తంగా. మీ తమ్ముడికి 24 ఏళ్లు, హనుమకొండలో బైక్ మెకానిక్, నెలకు 18 వేల సంపాదన. మూడు వారాల కింద ఫ్రెండ్స్‌తో హైదరాబాద్ శివార్లలో చిన్న రేసు కార్లు నడిపించే ఒక గో-కార్ట్ ట్రాక్‌కు వెళ్లాడు. మలుపులో బ్రేక్ పడక టైర్ల గోడను గుద్దుకున్నాడు. కుడికాలు మోకాలి కింద విరిగింది, రాడ్ వేశారు. ట్రాక్ వాళ్లు "రిస్క్ మీదేనని సంతకం పెట్టారుగా" అంటున్నారు. మీ ఫ్యామిలీ హెల్త్ పాలసీ కంపెనీ "అడ్వెంచర్ స్పోర్ట్" అని క్లెయిమ్ రిజెక్ట్ చేసింది. తెలిసినాయన ఒకరు "రోడ్డు మీద బైక్ యాక్సిడెంట్ అని చూపిద్దాం, ట్రిబ్యునల్‌లో తొందరగా డబ్బులొస్తాయి" అని సలహా ఇచ్చాడు.

నేను హనుమకొండలో యాక్సిడెంట్ కేసులు, కన్జ్యూమర్ కేసులు చూసే లాయర్ని. కొన్నేళ్లు ఇన్సూరెన్స్ కంపెనీల తరఫున కూడా వాదించాను కాబట్టి అవతలివాళ్లు ఏం వెతుకుతారో తెలుసు.

ఆ చివరి సలహాతోనే మొదలుపెడతాను. దాని జోలికి పోవద్దు. ట్రాక్‌లో జరిగినదాన్ని రోడ్డు ప్రమాదంగా రాయించడం మోసం. ఫ్రెండ్స్ ఆ రోజు పెట్టిన ఇన్‌స్టా స్టోరీ, ట్రాక్‌లో కట్టిన యూపీఐ పేమెంట్, ఫోన్ టవర్ లొకేషన్, అంబులెన్స్ రికార్డు, వీటిలో ఏ ఒక్కటి బయటపడ్డా కేసు కూలిపోతుంది. ఉత్తరప్రదేశ్‌లో ఇలాంటి నకిలీ క్లెయిముల మీద ప్రత్యేక దర్యాప్తు బృందం వేసి క్రిమినల్ కేసులు పెట్టారు. 2021లో సుప్రీంకోర్టు అందులో లాయర్ల పాత్ర మీద కూడా గట్టిగానే మాట్లాడింది. అన్నిటికన్నా బాధ ఏమిటంటే, మీ తమ్ముడికి నిజమైన కేసే బలంగా ఉంది. అబద్ధం చెప్పిన రోజు అది కూడా పోతుంది.

దీనికి సంబంధించే ఇంకో మాట. ఆస్పత్రి కేస్ షీట్‌లో మొదటి పేజీ తీసి చూడండి. "గాయం ఎలా తగిలింది" అన్నచోట ఏం రాశారు? ట్రాక్ నుంచి పేషెంట్‌ను తీసుకొచ్చే స్టాఫ్ చాలాసార్లు "బైక్ స్కిడ్ అయి పడ్డాడు" అని చెప్పేస్తారు. కంగారులో ఉన్న ఫ్రెండ్స్ ఊరుకుంటారు. డ్యూటీ డాక్టర్ చెప్పింది రాసుకుంటాడు. రెండేళ్ల తర్వాత అవతలి లాయర్ ఆ ఒక్క లైను పట్టుకుని "అసలు మా ట్రాక్‌లో దెబ్బ తగల్లేదు" అని వాదిస్తాడు. అలా రాసి ఉంటే ఇప్పుడే, గుర్తులు తాజాగా ఉన్నప్పుడే, జరిగింది వివరిస్తూ ఆస్పత్రి సూపరింటెండెంట్‌కు లెటర్ ఇచ్చి రసీదు తీసుకోండి. కేస్ షీట్ దిద్దమని అడగకండి, దిద్దితే ఇంకా అనుమానం వస్తుంది. మీ లెటర్ ఆ ఫైల్లో చేరితే చాలు.

ఇక సంతకం సంగతి. మీరు పంపిన ఫారం ఫొటో చదివాను. పేజీన్నర ఇంగ్లిష్, చిన్న అక్షరాలు. "గాయమైనా, మరణించినా, మా నిర్లక్ష్యం వల్ల జరిగినా సరే, యాజమాన్యానికి బాధ్యత లేదు" అన్నది అందులో సారం. కింద పేరు, ఫోన్ నంబర్, సంతకం. టికెట్ కట్టాక క్యూలో నిలబెట్టి, హెల్మెట్ చేతికిచ్చే ముందు పెట్టించుకునే సంతకం ఇది. ఇందులో ఒక పదం కూడా మార్చమని అడిగే అవకాశం కస్టమర్‌కు లేదు.

ఇలాంటి ఒప్పందాల మీద మన కోర్టుల ధోరణి చాలాకాలంగా ఒక దారిలోనే ఉంది. కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం ప్రజా విధానానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. బేరమాడే శక్తి లేనివాళ్ల మీద రుద్దిన అన్యాయమైన షరతులను కోర్టు అమలు చేయనక్కర్లేదని సుప్రీంకోర్టు 1986లో సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కేసులో చెప్పింది. అయితే ఫారం పూర్తిగా చిత్తు కాగితం అని మాత్రం అనుకోకండి. ఆటలో సహజంగా ఉండే ప్రమాదాన్ని తెలిసే ఒప్పుకున్నాడని చూపడానికి అది పనికొస్తుంది. పక్క కార్ట్ వచ్చి తగిలి మణికట్టు బెణికితే, మలుపులో స్పిన్ అయి భుజం నొప్పి పుడితే, అవి ఆటలో భాగమే. బ్రేక్ పనిచేయని కార్ట్‌ను డబ్బులు తీసుకుని ఇవ్వడం ఆటలో భాగం కాదు. దానికి మీ తమ్ముడు ఒప్పుకోలేదు, ఒప్పుకున్నట్టు రాయించుకున్నా నిలబడడం కష్టం.

అవతలివాళ్లు తప్పకుండా చూపించే పాత ఇంగ్లండ్ తీర్పు ఒకటుంది. 1930లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్‌లో రెండు రేసు కార్లు తగిలి, ఒకటి రెయిలింగ్ మీదికి దూసుకెళ్లింది. ఇద్దరు ప్రేక్షకులు చనిపోయారు. గాయపడిన హాల్ అనే ఆయన కేసు వేస్తే, అప్పీలు కోర్టు నిర్వాహకుల తప్పు లేదని తేల్చింది. ఆ తీర్పు చదవకుండా పేరు చెప్పి భయపెడతారు. అందులో గెలిపించిన పాయింటు ఏమిటంటే, ట్రాక్ మొదలైన 23 ఏళ్లలో ఒక్క కారూ రెయిలింగ్ దాటి పోలేదు, కాబట్టి ముందే ఊహించి జాగ్రత్తపడాల్సిందని అనలేం అని. మీరు దాన్నే తిప్పి అడగాలి. ఈ ట్రాక్‌లో బ్రేక్ ఫెయిలవడం ఇదే మొదటిసారా? గూగుల్ రివ్యూల్లో పాతవి చదవండి. "బ్రేకులు సరిగ్గా పడట్లేదు", "కార్ట్‌లు పాతవి" అని ఎవరైనా ముందే రాసి ఉంటే, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఇవాళే తీయండి, అవి రేపటికి ఉండకపోవచ్చు.

ఇప్పుడు కేసు ఎక్కడ వెయ్యాలి. మోటారు యాక్సిడెంట్ ట్రిబ్యునల్ మీకు దారి కాదు. మోటారు వాహనాల చట్టం 2(28) సెక్షన్‌లో వాహనం అంటే రోడ్ల మీద నడపడానికి అనువైనది, ఆవరణలో మాత్రమే వాడే ప్రత్యేక వాహనాలు దాని కిందికి రావు. గో-కార్ట్‌కు నంబర్ ప్లేట్ లేదు, ఆర్సీ లేదు, థర్డ్ పార్టీ పాలసీ లేదు. రోడ్డు ప్రమాద బాధితులకు 2025లో వచ్చిన లక్షన్నర రూపాయల క్యాష్‌లెస్ చికిత్స పథకం కూడా ఇందుకే వర్తించదు.

మీకు సరైన దారి వినియోగదారుల కమిషన్. టికెట్ కొన్నాడు, సేవ తీసుకున్నాడు, సేవలో లోపం వల్ల గాయపడ్డాడు. 2019 చట్టంలో రెండు మంచి మార్పులు వచ్చాయి. మొదటిది, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వెయ్యొచ్చు. ట్రాక్ హైదరాబాద్‌లో ఉన్నా మీరు ప్రతి వాయిదాకు రాడ్ వేసిన కాలుతో బస్సెక్కాల్సిన పనిలేదు, మన జిల్లా కమిషన్‌లోనే వెయ్యండి. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో కూడా వెయ్యొచ్చు. రెండోది, ఏ కమిషన్‌కు వెళ్లాలి అన్నది మీరు అడిగే నష్టపరిహారాన్ని బట్టి ఉండదు, సేవకు కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. వందల రూపాయల టికెట్ కాబట్టి 15 లక్షలు అడిగినా జిల్లా కమిషనే. కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు. ఈ పద్ధతి సరైనదేనని 2025లో సుప్రీంకోర్టు సమర్థించింది. కాలపరిమితి రెండేళ్లు. అదే సివిల్ కోర్టులో దావా వేస్తే అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, సాక్ష్యాల ప్రక్రియ ఏళ్లు సాగుతుంది.

పోలీసు కేసు కూడా పెట్టండి. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం. ఇతరుల ప్రాణానికి ప్రమాదం తెచ్చేంత నిర్లక్ష్యంతో తీవ్ర గాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత 125 సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది. యజమానిని జైలుకు పంపాలని నేను ఈ మాట చెప్పట్లేదు. పోలీసులు వెళ్లి పంచనామా చేస్తేనే ఆ కార్ట్ స్థితి, టైర్ల గోడ స్థితి కాగితం మీదికి ఎక్కుతాయి. మూడు వారాలు గడిచాయి, బ్రేక్ ఈపాటికి బాగుచేసే ఉంటారు. అయినా మెయింటెనెన్స్ రిజిస్టర్, ఆ రోజు సీసీటీవీ అడిగి తీసుకోవాల్సింది పోలీసులే. స్థానికంగా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు, జీరో ఎఫ్‌ఐఆర్ (తమ పరిధి కాకపోయినా రాసుకునే కేసు) రాసి అక్కడికి పంపుతారు. ఆలస్యం ఎందుకైందో, అంటే ఆపరేషన్, ఆస్పత్రిలో ఉండటం, ఫిర్యాదులోనే రాయండి.

మీ తమ్ముడు మెకానిక్ కావడం ఈ కేసులో పెద్ద బలం. అతన్ని కూర్చోబెట్టి, ఎవరూ మాటలు అందించకుండా, అతని మాటల్లోనే రాయించండి. పెడల్ తొక్కితే గట్టిగా ఉందా, మెత్తగా దిగిపోయిందా? మెత్తగా దిగితే ఆయిల్ లీకో, లైన్‌లో గాలో ఉండొచ్చు. గట్టిగా ఉండి బండి ఆగకపోతే ప్యాడ్‌లు అరిగిపోయి ఉండొచ్చు. యాక్సిలరేటర్ వదిలాక ఇంజన్ శబ్దం తగ్గిందా? తగ్గకపోతే బ్రేక్ కాదు, యాక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కుని ఉండొచ్చు. మొదటి ల్యాప్‌ల్లో ఏమైనా తేడా అనిపించి, ట్రాక్ పక్కన జెండాతో నిలబడే మార్షల్‌కు చెయ్యి ఊపాడా? టైర్లు ఒకదానికొకటి బోల్టులతో బిగించి ఉన్నాయా, ఊరికే పేర్చి ఉన్నాయా? వెనక కాంక్రీటు గట్టు ఎంత దూరంలో ఉంది? విడిగా పేర్చిన టైర్లు గుద్దగానే పక్కకు జరిగిపోతాయి, కాలు నేరుగా గట్టుకు తగులుతుంది. ఫ్రెండ్స్ తీసిన వీడియోల్లో ఆ మలుపు కనిపించే ఫ్రేములు వెతకండి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీ కాదు, తీసిన ఫోన్‌లో ఉన్న అసలు ఫైల్ దాచండి.

అవతలివాళ్లు మీ తమ్ముడి తప్పు కూడా వెతుకుతారు. ఫ్రెండ్స్ కార్ట్‌లను కావాలని గుద్దాడా, మార్షల్ జెండా పట్టించుకోలేదా, మందు తాగి ఉన్నాడా? ఏదైనా ఉంటే మీ లాయర్‌కు ముందే చెప్పండి. వాటా తప్పు ఉంటే పరిహారం ఆ మేరకు తగ్గుతుంది, కేసు మొత్తం పోదు.

ఇన్సూరెన్స్ దగ్గరికి వద్దాం, అసలు ఇక్కడే చాలామంది నష్టపోతారు. హెల్త్ పాలసీలన్నిటికీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒకే రకం మినహాయింపు భాష ఇచ్చింది. మీ పాలసీ పుస్తకంలో ఎక్స్‌క్లూజన్ కోడ్ 09 చూడండి. పర్వతారోహణ, రాఫ్టింగ్, మోటార్ రేసింగ్ లాంటి ప్రమాదకర క్రీడల్లో "ప్రొఫెషనల్‌గా" పాల్గొన్నప్పుడు అయిన ఖర్చు ఇవ్వం అని ఉంటుంది. ఆ ఒక్క పదమే మీకు దిక్కు. ఆదివారం టికెట్ కొని సరదాగా నడిపిన మెకానిక్ ప్రొఫెషనల్ రేసర్ కాదు. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఆ క్లాజును ఉటంకిస్తూ రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, మళ్లీ కాదన్నా, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే అధికారికి, ఫిర్యాదు చెయ్యండి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. ఒరిజినల్ బిల్లులు కంపెనీకి ఇచ్చేముందు ఆస్పత్రి ముద్రతో ఇంకో సెట్ తీసుకోండి, ట్రాక్ మీద కేసుకు అవి కావాలి. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ సంగతి వేరు. వాటిలో చాలావరకు రేసింగ్ మినహాయింపు ఇంకా కటువుగా ఉంటుంది. ఉంటే చదవండి, కానీ ఆశలు పెట్టుకోకండి.

ట్రాక్ యజమానికి ఇన్సూరెన్స్ ఉందా అన్నది అతి ముఖ్యం. చాలామంది "పబ్లిక్ లయబిలిటీ చట్టం కింద పాలసీ ఉంది" అంటారు. 1991 నాటి ఆ చట్టం గ్యాసులు, రసాయనాల లాంటి ప్రమాదకర పదార్థాల గురించి, గో-కార్ట్‌లకు సంబంధం లేదు. ట్రాక్‌కు కావాల్సింది విడిగా తీసుకునే నాన్-ఇండస్ట్రియల్ పబ్లిక్ లయబిలిటీ పాలసీ, అంటే ఫ్యాక్టరీ కాని వ్యాపారాల్లో బయటివాళ్లకు జరిగే నష్టానికి కవర్. అది సాధారణంగా క్లెయిమ్స్-మేడ్ పద్ధతిలో నడుస్తుంది. అంటే ప్రమాదం పాలసీ కాలంలో జరిగితే చాలదు, బాధితుడి క్లెయిమ్ కూడా రాతపూర్వకంగా ఆ కాలంలోనే యజమానికి అందాలి. మీరు ఎనిమిది నెలలు మంచిమాటలతో ఫోన్లు చేస్తూ కూర్చుంటే, ఈలోపు పాలసీ గడువు ముగిసి ఆయన రెన్యూ చేయకపోతే, ఇన్సూరెన్స్ డబ్బు మీ చేతికి అందకుండా పోవచ్చు. అందుకే ఈ వారంలోనే లాయర్ నోటీసు పంపండి. తేదీ, టైము, కార్ట్ నంబర్, గాయం, అడిగే మొత్తం రాసి, "ఈ క్లెయిమ్‌ను మీ ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే తెలియజేసి పాలసీ కాపీ మాకు పంపండి" అన్న వాక్యం తప్పక చేర్చండి. స్పీడ్ పోస్టుతో పాటు ఈమెయిల్ కూడా పెట్టండి.

ఈ మధ్యలో ఎవరో పెద్దమనిషి వచ్చి "ఆస్పత్రి ఖర్చు ఇస్తారు, కాగితం మీద సంతకం పెట్టండి" అంటాడు. డబ్బు తీసుకోవడం తప్పు కాదు, మందులకు కావాలి. అయితే రసీదులో "చికిత్స ఖర్చు కింద పాక్షిక చెల్లింపు, మిగతా హక్కులకు భంగం లేకుండా" అని రాయించండి. "పూర్తి రాజీ" అన్న మాట ఉంటే పెట్టవద్దు. ఎముక అతుక్కుని, మళ్లీ కూర్చుని లేచి పనిచేయగలడో లేదో తేలడానికి నెలలు పడుతుంది. అప్పటిదాకా నష్టం ఎంతో ఎవరికీ తెలియదు.

ఎంత అడగాలి అన్నదానికి ఒక ఉదాహరణ. యాక్సిడెంట్ ట్రిబ్యునళ్లు వాడే లెక్కను వినియోగదారుల కమిషన్ తప్పనిసరిగా పాటించాలని లేదు, ఒక్కోసారి గుండుగుత్తగా ఇస్తుంది, కానీ ఈ లెక్క చూపిస్తే అడిగేదానికి ఆధారం ఉంటుంది. నెలకు 18,000. వయసు 40 లోపు, పర్మనెంట్ ఉద్యోగం కాదు కాబట్టి భవిష్యత్తు ఆదాయానికి 40 శాతం కలిపితే 25,200. ఏడాదికి 3,02,400. ఆ వయసుకు సుప్రీంకోర్టు సర్లా వర్మ తీర్పు ప్రకారం మల్టిప్లయర్, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేసే అంకె, 18. మొత్తం 54,43,200. సంపాదించే శక్తి 25 శాతం తగ్గిందని తేలితే 13,60,800. దీనికి ఆస్పత్రి ఖర్చు, పని లేని నెలల జీతం, నొప్పి-బాధ, రాడ్ తీసే ఆపరేషన్ ఖర్చు కలుస్తాయి. డాక్టర్ ఇచ్చే వైకల్య శాతం, సంపాదన తగ్గిన శాతం ఒకటి కావని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆఫీసు గుమస్తాకు పెద్దగా తేడా చేయని కాలి బిగుసుదనం, రోజంతా గొంతుకూర్చుని చైన్ స్ప్రాకెట్ విప్పే మెకానిక్‌కు సగం పని పోగొట్టొచ్చు. ఆ సంగతి డాక్టర్ నోటితో చెప్పించాలి. జీతానికి రుజువు లేకపోతే షాపు ఓనర్ అఫిడవిట్, ఫోన్‌పే లావాదేవీలు పనికొస్తాయి.

సొంత బైక్‌తో డర్ట్ ట్రాక్‌లకు, బైపాస్ మీద పందేలకు వెళ్లే కుర్రాళ్లు మన దగ్గర పెరిగారు కాబట్టి ఒక మాట. మామూలు బైక్ పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కు కవర్ ఉండదు. ఆర్గనైజ్డ్ రేసింగ్‌కు వాడారన్నది చట్టమే కంపెనీకి ఇచ్చిన వాదన. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం పెడితే మోటారు వాహనాల చట్టం 189 సెక్షన్ కింద జైలు కూడా ఉంది. పోటీకి వెళ్లాలనుకుంటే దేశంలో మోటార్ స్పోర్ట్స్‌ను చూసే సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ అనుమతి ఉన్న ఈవెంటేనా, పాల్గొనేవాళ్లకు ఇన్సూరెన్స్ ఎంత అని ఎంట్రీ ఫీజు కట్టకముందే అడగాలి.

పిల్లల విషయం మరీ జాగ్రత్త. మైనర్ చేసిన ఒప్పందం చెల్లదని 1903 నుంచీ స్థిరపడిన న్యాయం. తండ్రి సంతకం పెట్టినా, గాయపడిన పిల్లవాడి సొంత హక్కు దానితో పోతుందని అనుకోనక్కర్లేదు. సివిల్ దావాకు కాలపరిమితి కూడా మేజర్ అయ్యాకే మొదలవుతుంది. కానీ ఆ హక్కు వాడుకునే రోజు ఏ ఇంటికీ రాకూడదు. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ గుర్రంగూడలో ఒక ఇంజనీరింగ్ అమ్మాయి జుట్టు కార్ట్ చక్రంలో చిక్కుకుని ప్రాణం పోయింది. జడ, చున్నీ, వదులు చీర కొంగు, ఇవేవీ బయట వేలాడకుండా చూసేదాకా ఇంజన్ స్టార్ట్ చేయనివ్వని ట్రాక్‌కే పిల్లల్ని తీసుకెళ్లండి.

మన వైపు ట్రాక్ నడిపేవాళ్లు, పెట్టాలనుకునేవాళ్లు కూడా ఇది చదవాలని నా కోరిక. ఫారం రాయించడానికి లాయర్‌కు ఇచ్చే డబ్బు కన్నా, రోజూ పొద్దున ప్రతి కార్ట్ బ్రేక్, కేబుల్, స్టీరింగ్ చూసి సంతకం పెట్టే మెకానిక్ జీతం మిమ్మల్ని ఎక్కువ కాపాడుతుంది. ఆ రిజిస్టర్ కోర్టులో మీ మొదటి సాక్షి. ఫారం తెలుగులో కూడా ఉంచండి, నడిపేముందు ఐదు నిమిషాలు నోటితో చెప్పండి. పాలసీ తీసుకునేటప్పుడు ఏజెంట్‌ను ఒక్కటి సూటిగా అడగండి: కార్ట్ నడిపే కస్టమర్‌కు దెబ్బ తగిలితే కవర్ ఉందా, లేక చూడ్డానికి వచ్చినవాళ్లకేనా? పాల్గొనేవాళ్లను మినహాయించే పాలసీలు ఉన్నాయి, అలాంటిది మీ వ్యాపారానికి దాదాపు పనికిరాదు. ఒక్క ప్రమాదానికి ఎంత, ఏడాది మొత్తానికి ఎంత అన్న రెండు పరిమితులూ చూసుకోండి. ట్రాక్ పక్కన జెండా పట్టుకుని నిలబడే కుర్రాడికి దెబ్బ తగిలితే ఈ పాలసీ ఇవ్వదు, అతను మీ ఉద్యోగి కాబట్టి ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ వేరే తీసుకోవాలి.